ధ్రువపు మంచు – గోదావరి ఒండ్రు

(సామాన్య శాస్త్ర వ్యాసం)



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయాలని అనుకున్నప్పుడు మేము ఎంచుకున్న అంశం ఉత్తర ధ్రువ ప్రాంతం. గోదావరి గట్టున పుట్టి, కాలువ నీళ్లు తాగి పెరిగిన మనకు, ఏడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మంచుతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. జాగ్రత్తగా చూస్తే పని ఉంది. ఒక విధంగా కాదు, నాలుగు విధాలుగా ఉంది. సముద్రం ద్వారా, వాన ద్వారా, పురుగుమందు ద్వారా, విత్తనం ద్వారా ఆ మంచుకూ మన పొలానికీ సంబంధం కుదిరింది. ఆ సంబంధాన్ని ఏ ఒక్క దేశమూ తనంతట తాను కనిపెట్టలేదు. దేశాలు కలిసి పనిచేసినందువల్లనే అది తెలిసింది. ఆ కథనే క్లుప్తంగా వివరిస్తున్నాము.

ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం – తేడా ఏమిటి?

చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. దక్షిణ ధ్రువం వద్ద ఉన్నది అంటార్కిటికా ఖండం. అంటే అడుగున నేల, దానిమీద మంచు. ఉత్తర ధ్రువం వద్ద ఉన్నది ఆర్కిటిక్ మహాసముద్రం. అంటే అడుగున నీరు, దానిమీద తేలే మంచు. ఆ సముద్రం చుట్టూ దేశాలున్నాయి. రష్యా, కెనడా, అమెరికా (అలాస్కా), నార్వే, డెన్మార్క్ ఏలుబడిలోని గ్రీన్‌లాండ్, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ – ఈ ఎనిమిదింటినీ ఆర్కిటిక్ దేశాలు అంటారు. అంటార్కిటికాలో స్థిర నివాసులు లేరు. ఆర్కిటిక్‌లో మాత్రం ఇన్యూట్, సామి మొదలైన ఆదివాసీ ప్రజలు వేల ఏళ్లుగా వేటాడుతూ, చేపలు పడుతూ, రెయిన్‌డీర్ మందలను మేపుకుంటూ బతుకుతున్నారు. ఈ తేడా గుర్తుంచుకోవాలి. అది ప్రజలున్న చోటు.

మొదటి సంబంధం: సముద్రం

1979 నుండి ఉపగ్రహాలు ఆర్కిటిక్ సముద్రపు మంచును ఎడతెగకుండా కొలుస్తున్నాయి. ఏటా సెప్టెంబరు నాటికి ఆ మంచు బాగా తగ్గి, చలికాలంలో మళ్లీ పెరుగుతుంది. 2012 సెప్టెంబరులో అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. దాదాపు మన దేశమంత విస్తీర్ణమన్నమాట. కొలతలు మొదలైనప్పటి నుండి అంత తక్కువ ఎన్నడూ లేదు. 1979 తరువాత ఆర్కిటిక్, భూగోళపు సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కినదని 2022లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

అంత వేగం ఎందుకు? తెల్లచొక్కా వేసుకున్నవాడికీ నల్లచొక్కా వేసుకున్నవాడికీ ఎండలో ఉండే తేడాయే ఇక్కడా ఉంది. తెల్లని మంచు తన మీద పడిన ఎండలో సగానికి పైగా తిప్పికొడుతుంది. మంచు కరిగి నల్లని సముద్రం బయటపడితే అది దాదాపు ఎండనంతా మింగేస్తుంది. నీరు వేడెక్కుతుంది, మరికొంత మంచు కరుగుతుంది, ఇంకొంత నల్లనీరు బయటపడుతుంది. ఇలా ఒకదానికొకటి తోడై సాగుతుంది.

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం. గాజు గ్లాసులో మంచుముక్క వేసి అంచుదాకా నీళ్లు పోయండి. ముక్క కరిగినా నీరు పొర్లదు. ఇప్పుడు నిండుగా నీళ్లున్న మరో గ్లాసు మీద గరాటు పెట్టి, అందులో మంచుముక్క ఉంచండి. అది కరిగితే నీరు పొర్లుతుంది. మొదటిది సముద్రం మీద తేలే మంచు. రెండవది గ్రీన్‌లాండ్ నేలమీది మంచు. కాబట్టి తేలే మంచు కరగడం వల్ల సముద్రమట్టం నేరుగా పెరగదు. నేలమీది మంచు కరిగితే పెరుగుతుంది. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే ప్రపంచ సముద్రాలు సుమారు 7 మీటర్లు పెరుగుతాయి. అది రేపో మాపో జరిగేది కాదు, అందుకు ఎన్నో శతాబ్దాలు పడుతుంది. కానీ 1901 నుండి 2018 మధ్యనే సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినదని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం 2021 నివేదిక చెబుతున్నది. వేడికి నీరు వ్యాకోచించడం, పర్వతాల మీది హిమనదాలు, గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు కరగడం దీనికి కారణాలు.

20 సెంటీమీటర్లంటే జానెడు కదా, దానికేమి అని కొట్టిపారేయరాదు. డెల్టా చదునుగా ఉంటుంది. జానెడు ఎత్తు తేడాకు ఉప్పునీరు మురుగు కాలువల వెంట ఎంతో దూరం ఎగదన్నుతుంది. నేల చౌడు తేలుతుంది. వరద వచ్చినప్పుడు నీరు సముద్రంలోకి త్వరగా లాగదు. లంకల్లోనూ, గట్ల కింద గుడిసెల్లోనూ ఉండే మన తల్లిదండ్రులకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు.

పైగా మన డెల్టాకు ఇంకొక కష్టం ఉంది. డెల్టాను కట్టింది నది తెచ్చే ఒండ్రు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970–79 మధ్య 15 కోట్ల టన్నులుండగా, 2000–2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. ఎగువన కట్టిన జలాశయాలలో ఒండ్రు ఆగిపోవడమే ఇందుకు కారణమని వారు తేల్చారు. నది కొత్త మట్టి వేయక, సముద్రం పాత మట్టి కోసుకుపోతే తీరం వెనక్కి జరుగుతుంది. కాబట్టి కోతకంతా ధ్రువపు మంచే కారణమని మనం చెప్పరాదు. కాకినాడ సమీపంలోని ఉప్పాడ తీరం ఏటా కోతకు గురికావడంలో అనేక కారణాలు కలిసి ఉన్నాయి. అయితే సముద్రమట్టం పెరిగే కొద్దీ ఈ కష్టం ఎక్కువవుతుందే గాని తగ్గదు.

రెండవ సంబంధం: వాన

మంచుకూ మన వానకూ సంబంధం ఉందన్న ఆలోచన కొత్తది కాదు. హిమాలయాల మీద మంచు ఎక్కువ పడిన ఏడాది రుతుపవనాలు బలహీనపడతాయని హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ 1884లోనే రాశారు. ఇప్పుడు శాస్త్రవేత్తల చూపు హిమాలయాలు దాటి ఆర్కిటిక్ దాకా వెళ్లింది.

2021లో గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు, నార్వేలోని నాన్సెన్ కేంద్రం శాస్త్రవేత్తలు కలిసి ఒక పరిశోధన వెలువరించారు. రష్యాకు ఉత్తరాన కారా సముద్రం ఉంది. అక్కడ వేసవిలో మంచు బాగా తగ్గిన ఏళ్లలో, సెప్టెంబరు నెలలో మధ్య భారతంలో అతి భారీ వర్షాలు పడే అవకాశం పెరుగుతున్నదని వారు గమనించారు. కారా సముద్రం మీది వేడి వల్ల వాయవ్య ఐరోపా మీద అధిక పీడనం బలపడుతుంది. దాని ప్రభావం ఎత్తైన గాలుల్లో అలలాగా ఆసియా దాకా పాకుతుంది. అదే సమయంలో అరేబియా సముద్రం వేడిగా ఉంటే తేమ అందుతుంది. రెండూ కలిసినప్పుడు కుండపోత. ఇది వారు చూపించిన సంబంధం. ఇంకా ఎన్నో ఏళ్ల కొలతలతో సరిచూడవలసి ఉంది.

మధ్య భారతంలో వాన పడితే మనకేమి? గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టినా, మనకు వచ్చే వరదలో పెద్ద పాలు ప్రాణహిత, ఇంద్రావతి నదులదే. అవి మధ్య భారతపు వాననీటిని మోసుకొస్తాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు దాటింది. ఆ రెండు వరదలూ ఆర్కిటిక్ వల్ల వచ్చాయని ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పడం లేదు. కానీ సెప్టెంబరు చివర వచ్చే వరద సంగతి వేరు. అప్పటికి సార్వా వరి పొట్ట మీద ఉంటుంది. ఊడ్చిన నెలకు మునిగితే మళ్లీ నారు పోసుకోవచ్చునేమో గాని, పొట్ట మీద మునిగితే ఆ ఏడాది పంట పోయినట్లే. రైతుకు పంట పోతే, కూలికి కోతలు పోతాయి. కాబట్టి ఒక నెల ముందుగా హెచ్చరిక దొరికితే దాని విలువ ఎంతో మనకు తెలుసు. కారా సముద్రపు మంచును కొలవడం అందుకే.

మూడవ సంబంధం: పురుగుమందు

ఇంతవరకు అక్కడి నుండి మనకు వచ్చేవి చెప్పుకున్నాము. ఇక్కడి నుండి అక్కడికి పోయేవి కూడా ఉన్నాయి.

డి.డి.టి. వంటి మందులు త్వరగా విరిగిపోవు. వేడి దేశాలలో చల్లిన మందు ఆవిరై గాలిలో కలిసి, కొంచెం చల్లని చోట దిగి, మళ్లీ ఆవిరై, మిడత గంతులు వేసినట్లు ఉత్తరానికి పోతుంది. అతి చల్లని ఆర్కిటిక్‌కు చేరాక మళ్లీ లేవదు. అక్కడ నీటిలోని సూక్ష్మజీవుల నుండి చేపలకు, చేపల నుండి సీల్‌కు, సీల్ నుండి ధ్రువపు ఎలుగుబంటికి, మనిషికి చేరుతుంది. ఒక్కొక్క మెట్టు ఎక్కే కొద్దీ కొవ్వులో ఇంకా పోగుపడుతుంది. 1980ల చివర కెనడాలో పరిశోధకులు ఇన్యూట్ తల్లుల పాలను పరీక్షించారు. ఫ్యాక్టరీ లేని, పొలం లేని చోట బతికే ఆ తల్లుల పాలలో పి.సి.బి. అనే పారిశ్రామిక రసాయనం, దక్షిణ కెనడా నగరాల తల్లుల పాలలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. వాడినవారు ఒకరు, మోసినవారు మరొకరు.

1991లో ఆర్కిటిక్ దేశాలు కలిసి కాలుష్యాన్ని కొలిచే కార్యక్రమం మొదలుపెట్టాయి. ఆ కొలతలూ, ఇన్యూట్ ప్రజల పోరాటమూ కలిసి 2001లో స్టాక్‌హోమ్ ఒప్పందానికి దారితీశాయి. డి.డి.టి., పి.సి.బి.తో సహా 12 రకాల విషాలతో జాబితా మొదలైంది. 2004లో ఒప్పందం అమలులోకి వచ్చింది. మన దేశం 2006లో ఆమోదించింది. దోమల నివారణకు మాత్రం డి.డి.టి. వాడకానికి మినహాయింపు ఉంది. 2011లో ఎండోసల్ఫాన్‌ను ఆ జాబితాలో చేర్చారు. అదే ఏడాది మే నెలలో మన సుప్రీంకోర్టు దాన్ని నిషేధించింది. కేరళలోని కాసరగోడ్ జీడిమామిడి తోటల ప్రజల బాధ ఆ తీర్పు వెనుక ఉంది. మందు డబ్బా మూత చేత్తో తీసి, ముక్కుకు గుడ్డ కూడా లేకుండా పిచికారీ చేసే మన కూలీలకు, మంచు మీద బతికే ఇన్యూట్ తల్లికి ఒకే ఒప్పందం రక్ష అయింది.

నాలుగవ సంబంధం: విత్తనం

మన పెద్దలు ధాన్యాన్ని పాతరలోనో గాదెలోనో దాచేవారు. ప్రపంచానికంతటికీ ఒక విత్తనాల పాతర ఆర్కిటిక్‌లో ఉంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో, లాంగ్‌ఇయర్‌బీన్ అనే ఊరి దగ్గర, కొండను 100 మీటర్లకు పైగా లోపలికి తొలిచి దీన్ని కట్టారు. 2008 ఫిబ్రవరి 26న ప్రారంభమైంది. లోపల సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో విత్తనాలు ఉంటాయి. ఇప్పటికి 13 లక్షలకు పైగా నమూనాలు చేరాయి.

దీని షరతు చక్కనిది. పాతర నార్వేది, విత్తనాలు పంపినవారివి. పంపినవారు తప్ప మరెవ్వరూ ఆ పెట్టె తెరవరాదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలను లక్షకు పైగా అక్కడ దాచింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ మొదటి విడతలోనే సుమారు 70 వేల వరి నమూనాలను పంపింది.

ఇంత దూరం మోసుకుపోయి దాచడం అవసరమా? సిరియా యుద్ధమే దీనికి జవాబు. అలెప్పో దగ్గర ఉన్న ఇకార్డా అనే పరిశోధనా సంస్థ యుద్ధం వల్ల తన విత్తన నిధిని వాడుకోలేని స్థితికి వచ్చింది. 2015లో అది స్వాల్‌బార్డ్ నుండి తన పెట్టెలు వెనక్కి తెప్పించుకుంది. లెబనాన్, మొరాకో దేశాలలో ఆ గింజలు పండించి, తరువాత కొత్త గింజలను మళ్లీ పాతరకు పంపింది.

పాత విత్తనం విలువ మన వరి పొలంలోనే చూడవచ్చు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో 1925లో వరి పరిశోధనా కేంద్రం ఏర్పడింది. అక్కడ వశిష్ఠ, మసూరి రకాలను సంకరం చేసి, 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029 రకమే మనం అన్నంలో తినే స్వర్ణ. స్వర్ణకు ఒకటే లోపం, రోజుల తరబడి నీట మునిగితే కుళ్లిపోతుంది. ఒడిశా రైతులు పండించిన ఒక పాత నాటు రకానికి మాత్రం మునిగినా బతికే గుణం ఉంది. ఆ గుణానికి కారణమైన జన్యువును 2006లో శాస్త్రవేత్తలు గుర్తించి ప్రకటించారు. దాన్ని స్వర్ణలో చేర్చి తయారుచేసిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. సుమారు రెండు వారాలు మునిగినా అది మళ్లీ లేస్తుంది. ఒడిశా రైతు ఆ నాటు గింజను వదిలేసి ఉంటే, ఎవరూ దాచి ఉండకపోతే, ఇది జరిగేదే కాదు.

ఆ పాతరకు కూడా గండం లేకపోలేదు. 2016 అక్టోబరులో స్వాల్‌బార్డ్‌లో మంచుకు బదులు వాన కురిసి, సొరంగం ప్రవేశద్వారంలోకి నీళ్లు వచ్చాయి. గింజలు క్షేమం. తరువాత ద్వారాన్ని గట్టిపరిచారు. ఎన్నటికీ కరగదనుకున్న నేల కరగడం అందరినీ ఆలోచింపజేసింది.

గని ఊరు శాస్త్రవేత్తల ఊరైంది

అదే స్వాల్‌బార్డ్‌లో ఇంకా ఉత్తరాన నీ-ఓలెసుండ్ అనే చిన్న ఊరుంది. ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్లు. వేసవిలో నాలుగు నెలలు సూర్యుడు అస్తమించడు. చలికాలంలో దాదాపు అంతకాలం ఉదయించడు. ఒకప్పుడు అది బొగ్గు గని ఊరు, మన గోదావరి లోయలోని సింగరేణి వంటిది. 1962 నవంబరు 5న గనిలో ప్రేలుడు జరిగి 21 మంది కార్మికులు చనిపోయారు. 1963లో గని మూసేశారు. ఊరిని పాడుపెట్టకుండా పరిశోధనకు ఇచ్చారు. నేడు అక్కడ దాదాపు పది దేశాల పరిశోధనా కేంద్రాలున్నాయి.

మన దేశం 2007 ఆగస్టులో తొలి ఆర్కిటిక్ యాత్ర చేసింది. 2008 జూలై 1న అక్కడ మన ‘హిమాద్రి’ కేంద్రం ప్రారంభమైంది. 2014 జూలై 23న అక్కడి కాంగ్స్‌ఫ్యోర్డన్ అనే సముద్రపు పాయలో 192 మీటర్ల లోతున ‘ఇండ్‌ఆర్క్’ అనే కొలత పరికరాల వరుసను మన శాస్త్రవేత్తలు దించారు. నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహం అది ఏడాది పొడుగునా కొలుస్తుంది. దాని తయారీలో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థకూ భాగం ఉంది. మన మత్స్యకారులకు తుపాను, అలల హెచ్చరికలు పంపే సంస్థ అదే. ఆ పరికరాన్ని దించిన ఓడ మాత్రం నార్వేది. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి.కి చెందిన డాక్టర్ ఎస్. శివాజీ బృందం స్వాల్‌బార్డ్ మట్టిలో కొత్త బాక్టీరియాను కనుగొని 2013లో ‘ఆర్కిటిసిబాక్టర్ స్వాల్‌బార్డెన్సిస్’ అని పేరు పెట్టింది. 2023 డిసెంబరు నుండి మన వాళ్లు చలికాలపు చీకటిలో కూడా అక్కడ పనిచేయడం ప్రారంభించారు.

హాస్టలు పిల్లలుగా మనకు నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. నీ-ఓలెసుండ్‌లో ఏ దేశం వారైనా భోజనం ఒకే మెస్సులో చేయాలి. ఊరు దాటి వెళ్లాలంటే ఎలుగుబంటి నుండి కాపాడుకొనే శిక్షణ తప్పనిసరి. సున్నితమైన పరికరాలకు అడ్డు రాకుండా సెల్‌ఫోన్, వైఫై వంటి రేడియో తరంగాలకు కట్టుబాట్లు ఉన్నాయి. ఒకరి పరికరం ఒకరు చూసుకుంటారు. కలిసి ఉండాలంటే కొన్ని సౌకర్యాలు వదులుకోవాలన్నది మనకు తెలియని పాఠం కాదు.

సహకారం ఎలా పుట్టింది? ఎక్కడ తెగింది?

పూర్వం ధ్రువయాత్ర అంటే జెండా పాతే పందెం. కార్ల్ వైప్రెక్ట్ అనే ఆస్ట్రియా నావికాధికారి అది వ్యర్థమన్నాడు. అందరూ ఒకే సమయంలో, ఒకే పద్ధతిలో కొలిస్తేనే జ్ఞానం వస్తుందని వాదించాడు. ఆయన 1881లో చనిపోయినా, 1882–83లో పన్నెండు దేశాలు కలిసి మొదటి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం జరిపాయి. రెండవది 1932–33లో జరిగింది. తరువాతి ధ్రువ సంవత్సరం 2032–33లో జరపడానికి సన్నాహాలు సాగుతున్నాయి.

1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో స్వాల్‌బార్డ్ ఒప్పందం కుదిరింది. దీవులు నార్వేవే గాని, సంతకం చేసిన దేశాల పౌరులందరికీ అక్కడ సమాన హక్కులు. యుద్ధ స్థావరాలు కట్టరాదు. ఆనాడు బ్రిటిష్ పాలనలో ఉన్న మన దేశం పేరు మీద కూడా సంతకం జరిగింది. 1973లో, అమెరికా రష్యాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్నప్పుడే, ఐదు దేశాలు ధ్రువపు ఎలుగుబంటి రక్షణకు ఒప్పందం చేసుకున్నాయి. 1996లో ఆర్కిటిక్ మండలి ఏర్పడింది. 2013 మేలో స్వీడన్‌లోని కిరునాలో మన దేశానికి పరిశీలక హోదా లభించింది. వినవచ్చు, పరిశోధనలో పాలుపంచుకోవచ్చు, ఓటు ఉండదు.

ఆ మండలిలో మనం ముఖ్యంగా గమనించవలసింది ఒకటుంది. ఎనిమిది దేశాల ప్రక్కన ఆరు ఆదివాసీ సంఘాలకు శాశ్వత స్థానం ఉంది. వారిని సంప్రదించకుండా నిర్ణయం చేయరాదు. చలికాలంలో మంచు మీద వాన పడితే పైన గడ్డ కట్టి, రెయిన్‌డీర్‌కు కింది నాచు అందదని శాస్త్రవేత్తలకు వివరంగా చెప్పగలిగింది సామి కాపరులే. బాధ పడేవారి మాటకు నిర్ణయం జరిగే చోట కుర్చీ ఉండాలన్న న్యాయం, డాక్టర్ అంబేద్కర్ పేరు తలచుకొని చదువుకునే మనకు సులభంగా అర్థమవుతుంది.

2022 మార్చిలో ఈ సహకారానికి పెద్ద దెబ్బ తగిలింది. ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధం ప్రారంభించినందువల్ల మిగిలిన ఏడు దేశాలు మండలి సమావేశాలను నిలిపివేశాయి. అధ్యక్షత 2023లో నార్వేకు, 2025లో డెన్మార్క్ రాజ్యానికి మారింది. 2024 నుండి నిపుణుల సమావేశాలు దూరం నుండి తిరిగి సాగుతున్నా, పూర్వపు స్థితి రాలేదు. ఆర్కిటిక్ తీరంలో సగానికి పైగా రష్యాదే. అక్కడి కొలతలు అందకపోతే ఆర్కిటిక్ లెక్క సగం చీకటిలో ఉన్నట్లే. మన వానకు సంబంధమున్న కారా సముద్రం కూడా రష్యా తీరంలోనే ఉన్నదని మరచిపోరాదు. యుద్ధం ఎక్కడ జరిగినా నష్టం ఇలా దూరం పాకుతుంది.

అయినా కొన్ని దారులు తెరిచే ఉన్నాయి. 2025 జూలై 30న మన రాష్ట్రంలోని శ్రీహరికోట నుండి ‘నైసార్’ ఉపగ్రహం వెళ్లింది. అమెరికా సంస్థ నాసా, మన ఇస్రో కలిసి తయారుచేసినది. మబ్బున్నా చీకటైనా అది పన్నెండు రోజులకొకసారి నేలను తిరిగి చూస్తుంది. మంచు పలకల కదలికనూ, డెల్టా నేలలు కుంగడాన్నీ ఒకే పరికరంతో కొలుస్తుంది. ధ్రువానికీ మన లంకలకూ ఒకే కొలబద్ద వచ్చింది.

మనం ఏం చేయగలం?

ఇది విని ఊరుకుంటే ప్రయోజనం లేదు. మాకు తోచినవి రాస్తున్నాము.

ఒకటి, కొలవడం నేర్చుకుందాం. మన వసతి గృహంలో ఒక వాన పుస్తకం పెడదాం. రోజూ వాన ఎంత పడిందో, కాలువకు నీళ్లు ఎప్పుడు వదిలారో, వరద గట్టు మీద ఏ గుర్తు దాకా వచ్చిందో, బోరు నీళ్లు ఏ నెలలో ఉప్పగా మారాయో తేదీతో రాద్దాం. ఒక బ్యాచి వెళ్లాక మరో బ్యాచి కొనసాగించాలి. వైప్రెక్ట్ కోరింది ఇంతకన్నా వేరు కాదు.

రెండు, చదువు. భౌతిక, రసాయన, జీవ, భూగర్భ శాస్త్రాలు ఏది చదివినా ధ్రువ పరిశోధనకు దారి ఉంది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. పి.జి., పి.హెచ్‌డి. చేసినవారు గోవాలోని కేంద్రానికి పరిశోధన ప్రతిపాదన పంపుకోవచ్చు. ఐ.టి.ఐ. చదివే తమ్ముళ్లు నిరాశపడనక్కరలేదు. అంటార్కిటికాలోని మన కేంద్రాలకు మెకానిక్కులు, వెల్డర్లు, వంటవారు, నర్సులు కూడా కావాలి. ఆ కేంద్రమే ప్రకటన ఇచ్చి తీసుకుంటుంది. పత్రికలలో చూస్తూ ఉండాలి.

మూడు, ఇంటి దగ్గర చెప్పడం. పాత వరి రకం ఏదైనా ఊళ్లో మిగిలి ఉంటే దాని పేరూ గుణమూ పెద్దలనడిగి రాసుకుందాం. పిచికారీ చేసే నాన్నకు, అన్నకు ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు వేసుకోమని చెబుదాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీలో వ్యవసాయ శాఖలో, ఇరిగేషన్‌లో, కళాశాలల్లో, మత్స్యశాఖలో పనిచేస్తున్నవారు ఏడాదికొక్క ఆదివారం వచ్చి తమ్ముళ్లకు మీ పని వివరించండి. ఒక వర్షమాపకం కొనిస్తే చాలు, వాన పుస్తకం రాసే బాధ్యత మాది.

తమ్ముళ్లకు కొన్ని ప్రశ్నలు

1. సముద్రం మీది మంచు కరగడానికీ, గ్రీన్‌లాండ్ మంచు కరగడానికీ సముద్రమట్టం విషయంలో తేడా ఏమిటి? గ్లాసుతో చేసి చూపండి.

2. గోదావరి ఒండ్రు ఎందుకు తగ్గింది? దానివల్ల తీరానికి కలిగే నష్టమేమిటి?

3. ఎక్కడో చల్లిన పురుగుమందు ఆర్కిటిక్ తల్లుల పాలలోకి ఎలా చేరుతుంది?

4. స్వర్ణ సబ్-1లో ఉన్న ముంపు గుణం ఎవరి పొలం నుండి వచ్చింది?

5. ఓటు లేకపోయినా మన దేశం ఆర్కిటిక్ మండలిలో కూర్చోవడం వల్ల ఉపయోగం ఉందా, లేదా? మీ అభిప్రాయం పది వాక్యాలలో రాయండి. బాగా రాసినవి గోడపత్రికలో పెడతాము.